పందొమ్మిదో నిమిషం

ముప్పై రెండు ప్రశ్నలు రాసుకున్న.
గైడ్ సార్ ఎర్రపెన్నుతో తొమ్మిది కొట్టేసిండు.
"వలసల కష్టాలు పడ్డారా అని అడుగుతవా?
కష్టం అన్న మాట నీ నోట్లకెల్లి రావద్దు,
వాళ్ల నోట్లకెల్లి రావాలె."

ఆ రాత్రి హాస్టల్ వరండాల
పరంజ్యోతిని మంచం మీద కూసోబెట్టి
మట్టిపని కూలి అనుకొని రిహార్సల్ చేసిన.
అది దోమలు కొట్టుకుంట
అన్నిటికీ "గంతే గదా అక్కా" అన్నది.
ఇద్దరం పడీ పడీ నవ్వినం.
వాళ్ల నాయన పుణె పక్కన
పైపులైను గుంటలు తవ్వుతడని
ఆఖరు సెమిస్టర్ దాకా నాకు తెల్వదు.

పాలమూరు నుంచి కోస్గి బస్సు,
ఆడికెల్లి ఆటోల ఆరు కిలోమీటర్లు.
సంచిల సమ్మతి పత్రాలు, సిరా పెట్టె,
రెండు బిస్కెట్ పుడలు,
రాత్రంతా ఛార్జి పెట్టిన ఫోను.

ఉశెనమ్మ వాకిట్ల కందులు చెరుగుతున్నది.
(ఇది ఆమె అసలు పేరు కాదు. పత్రంల మాటిచ్చిన.)
వేలిముద్ర అడిగితే
"ఇంటి జాగ వస్తదా?" అన్నది.
రాదమ్మా, చదువు కోసం.
"ఎవరి చదువుకు?"
నా చదువుకే.
జరసేపు నా చెప్పుల దిక్కు చూసి
బొటనవేలు ఇచ్చింది.
తట్టలు, పారకట్టెలు, సిమెంటు
ఆ వేలి గీతలను ఎప్పుడో చదును చేసినయ్.
పత్రం మీద నున్నటి నల్లమచ్చ పడ్డది.

ఒకటో ప్రశ్న, వయసు.
"నువ్వే యేసుకో."
నాలుగో ప్రశ్న, ఏ సంవత్సరం నుంచి వలస పోతున్నరు?
ఆమె దగ్గర సంవత్సరాలు లెవ్వు. కాలువలున్నయ్.
"బీమా కాలువకాడ, నా లగ్గం కొత్త.
గుజరాతుల చెరువు కట్ట, మా పెద్దోడు కడుపుల.
నాసిక్ దిక్కు సొరంగం అయ్యేటాలకు
రెండు పండ్లు ఊడినయ్."
నా కాగితం మీద నాలుగంకెలకు సరిపోయే గడి.
గడి బయట, అంచు పొంటి, చిన్నగ
కాలువల పేర్లు రాసుకున్న.
మేకపిల్ల ఆ అంచే నమిలింది.

రెండు వారాలకు
ఇయర్‌ఫోన్లు పెట్టుకొని టైపు చేస్తున్న.
నిమిషం మాటకు పావుగంట రాత.
చాట చప్పుడు. మేక.
ఎవరో "మోటరు బందువెట్టుండ్రి" అని కేక.
పందొమ్మిదో నిమిషంల
ఉశెనమ్మ గొంతు ఒక మెట్టు కిందికి దిగి
"గా గుడిసె అంటుకున్ననాడు, మా శిన్నపోరి లోపట..."
అంటుంటెనే
ఇంకో గొంతు, సన్నగ, మర్యాదగ:
"సరే అమ్మా. మరి రోజుకు కూలి ఎంత ఇచ్చేటోళ్లు?"
చాట ఆగింది.
నాలుగు సెకన్లు.
"నూటా అరవై."

వెనక్కి తిప్పిన. మల్ల తిప్పిన.
ఎన్నిసార్లు తిప్పినా
సరిగ్గ ఆడికే వచ్చి నేను అడ్డం పడుతున్న.
గంత తొందర ఏముండె నాకు?
యాదికి తెచ్చుకుంటే
మూడున్నర బస్సు.

మల్ల పోయిన. కాగితాలు తీయలే,
ఫోను సంచిల్నే ఉన్నది.
అడగలేక అడగలేక అడిగితే
"ఆ దినం జెప్పిన గద బిడ్డా.
ఇంటున్నవనుకొనే జెప్పిన."
అని చాయ్ పోసింది.
ఈ యేడు కందులకు పురుగు వడ్డదన్నది.
నేనొక చాట అందుకున్న.
నాకు చెరగరాదు. పొట్టు చాటలనే ఉండె,
కందులు కింద పడ్డయ్.
ఆమె నవ్వుకుంట ఏరుకున్నది.

"ఖాళీ ఉంటే జవాబు లేదని రాయి," అన్నడు సార్.
"కోడు తొంభైతొమ్మిది."
జవాబు ఉండె సార్.
మీరు ఉంచిన ఇరవై మూడింట్ల
నేను రాసిన ముప్పై రెండింట్ల
ఆ పిల్ల లేకుండె.

పరిశోధకురాలి మాటలు ఎవరికి కావాలె, తీసేయమంటున్నడు.
నాయి అన్నీ తీసేసిన, ఒక్క వరుస తప్ప.
దాని కింద ఆ నాలుగు సెకన్లను
ఏ అక్షరంతోని టైపు చెయ్యాల్నో తెల్వక
కర్సర్ కొట్టుకుంటున్నది.
కిందనే ఉంది
నూటా అరవై.